ఇంటి రూటర్, సర్వర్ అప్‌గ్రేడ్: అసలు చిక్కు ప్రాసెసర్‌లో లేదు

ఇంట్లో నడిచే రూటర్‌నూ సర్వర్‌నూ మార్చాలనుకునేవారు మొదట చూసేది ప్రాసెసర్ పేరు. కోర్లు ఎన్ని, వేగం ఎంత, బెంచ్‌మార్క్‌లో ఎన్ని మార్కులు అనే లెక్కల్లోనే సగం కాలం గడిచిపోతుంది. తీరా యంత్రం చేతికి వచ్చాక ముప్పుతిప్పలు పెట్టేవి వేరే ఉంటాయి. నెట్‌వర్క్ పోర్టు పేరు ఒక్క రీబూట్‌తో మారిపోతుంది. పాత వర్చువల్ మెషీన్ (యంత్రం లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే మరో కంప్యూటర్) కొత్త ప్రాసెసర్ మీద కూడా పాత పద్ధతిలోనే ఈడుస్తుంది. సర్వర్ లేవాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే సర్వర్ లేవాలి అన్న పీటముడి పడుతుంది. ఈ మూడూ డబ్బుతో తీరేవి కావు. ఏ యంత్రం కొనాలన్నది చిన్న ప్రశ్న. ఏది ఏ వరుసలో మార్చాలి, తేడా వస్తే వెనక్కి ఎలా రావాలి అన్నవి పెద్ద ప్రశ్నలు.

రూటర్‌దీ సర్వర్‌దీ ఒకే స్వభావం కాదు. ఒకసారి సరిచేసి మూల పెట్టాక నెలల తరబడి దాని ఉనికే గుర్తుకు రాకపోవడం మంచి రూటర్ లక్షణం. సర్వర్‌తో అలా కుదరదు. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి చూడటం, నచ్చకపోతే తీసేయడం, డిస్కులు మార్చడం, తరచూ రీబూట్ చేయడం అక్కడ మామూలే. ఈ రెండింటినీ ఒకే పెట్టెలో వర్చువల్ మెషీన్లుగా నడపడం కొన్నేళ్లుగా బాగా వాడుకలోకి వచ్చింది. కరెంటు ఆదా అవుతుంది, స్థలం కలిసివస్తుంది, రూటర్ మొత్తాన్నీ ఒక ఫైలుగా బ్యాకప్ తీసుకోవచ్చు. బదులుగా, సర్వర్‌ను ముట్టుకున్న ప్రతిసారీ ఇల్లంతా ఇంటర్నెట్ పోతుంది. ఒంటరిగా ఉండేవారికి ఇది పట్టించుకోదగ్గ విషయం కాకపోవచ్చు. ఇంట్లో మరొకరు ఆన్‌లైన్ సమావేశంలో ఉన్నప్పుడు మాత్రం కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) అప్‌డేట్ కుటుంబ సమస్య అవుతుంది.

ప్యాకెట్ల లెక్క

రూటర్‌కు ఎంత శక్తి కావాలో మెగాబిట్లలో చూస్తే సగమే తెలుస్తుంది, మిగతా సగం ప్యాకెట్ల సంఖ్యలో ఉంటుంది. గిగాబిట్ లైను మీద 1,518 బైట్ల నిండు ఫ్రేములు (తీగ మీద ఒక్కో ప్యాకెట్‌ను మోసే మూటలు) పంపితే సెకనుకు సుమారు 81 వేలు పడతాయి. అదే లైనును 64 బైట్ల చిన్న ఫ్రేములతో నింపితే ఆ సంఖ్య 14.88 లక్షలకు చేరుతుంది. ఫైర్‌వాల్ ప్రతి ప్యాకెట్ హెడర్‌నూ చదివి నిర్ణయం తీసుకోవాలి కాబట్టి దానికి భారమయ్యేది ఈ సంఖ్యే. ఇళ్లలో వీడియోలు, డౌన్‌లోడ్‌లదే ఎక్కువ వాటా, అంటే నిండు ఫ్రేములదే పైచేయి. ఆ లెక్కన గిగాబిట్ రూటింగ్ నేటి చిన్న ప్రాసెసర్లకు చెప్పుకోదగ్గ పనే కాదు. వేగ పరీక్షలో గిగాబిట్ లైను 940 మెగాబిట్ల దగ్గర ఆగిపోవడం కూడా రూటర్ లోపం కాదు. ఈథర్‌నెట్, ఐపీ, టీసీపీ హెడర్లకూ ఫ్రేముల మధ్య ఉండే విరామానికీ ఆ మిగతా 6 శాతం ఖర్చవుతుంది. ఎంత ఖరీదైన పెట్టె కొన్నా అది తిరిగి రాదు.

2023 జనవరిలో వచ్చిన ఇంటెల్ ఎన్100 ఇలాంటి చిన్న పెట్టెలకు దాదాపు కొలమానంగా మారింది. నాలుగు కోర్లు, 3.4 గిగాహెర్ట్జ్ గరిష్ఠ వేగం, 6 వాట్ల రేటింగ్. వర్చువలైజేషన్‌కు కావలసిన వీటీ-ఎక్స్, వీటీ-డీ రెండూ ఉన్నాయి. పరిమితులు మాత్రం ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించవు: మెమరీకి ఒకటే చానల్, అధికారికంగా 16 జీబీ, పరికరాలను ప్రాసెసర్‌కు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 లేన్లు మొత్తం తొమ్మిది. నాలుగు నెట్‌వర్క్ పోర్టులకు తలా ఒక లేను పోగా మిగిలిన వాటినే డిస్కులు, మిగతా పరికరాలు పంచుకోవాలి. ఈ పెట్టెల్లో ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్ఎస్‌డీ) స్లాటు తరచూ ఒకటి రెండు లేన్లకే పరిమితం కావడానికి కారణం ఇదే. రూటర్‌కు ఇది అడ్డు కాదు. ఫోటోల నిల్వ, వీడియో సర్వర్, పది వర్చువల్ మెషీన్లు అన్నీ దీని మీదే పెట్టాలనుకుంటే, కోర్ల కంటే ముందు మెమరీ, లేన్లు చేతులెత్తేస్తాయి.

ప్రాసెసర్ శక్తి నిజంగా అవసరపడే సందర్భాలు లేకపోలేదు. కనెక్షన్ పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) పద్ధతిలో వస్తుంటే, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆధారిత ఫైర్‌వాల్‌లలో లోపలికి వచ్చే ట్రాఫిక్‌ను నెట్‌వర్క్ కార్డు వేర్వేరు కోర్లకు పంచలేక భారమంతా ఒకే కోరు మీద పడటం చాలాకాలంగా ఉన్న ఇబ్బంది. అక్కడ ఎనిమిది నెమ్మది కోర్ల కంటే నాలుగు చురుకైన కోర్లు మేలు. లైను నిండినప్పుడు ఆలస్యం పెరగకుండా చూసే కేక్, ఎఫ్‌క్యూ-కోడెల్ వంటి క్యూ పద్ధతులు వాడితే ప్రతి ప్యాకెట్ ప్రాసెసర్ గుండానే వెళ్లాలి. మామూలు రూటర్లు హార్డ్‌వేర్ సాయంతో చూపించే వేగం అప్పుడు పనికిరాదు. చొరబాట్లను పసిగట్టే సురికాటా వంటివి హెడర్‌తో ఆగక ప్యాకెట్ లోపలికీ తొంగిచూస్తాయి కాబట్టి కోర్లనూ మెమరీనీ రెండింటినీ తింటాయి. వీపీఎన్ సంగతి కాస్త వేరు. ఓపెన్‌వీపీఎన్‌కు ప్రాసెసర్‌లోని ఏఈఎస్ (సంకేత లెక్కలు వేగంగా చేసే) సదుపాయం బాగా అక్కరకొస్తుంది. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6లో చేరిన వైర్‌గార్డ్ చాచా20 అనే వేరే సంకేత పద్ధతి వాడుతుంది కనుక దానికి ఏఈఎస్ ఉన్నా లేకపోయినా ఒకటే.

బెంచ్‌మార్క్ కంటే శ్రద్ధగా చూడవలసిన అంకె, పని లేనప్పుడు యంత్రం తాగే కరెంటు. ఇంటి సర్వర్ రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటుంది. ఏడాది పొడవునా ఆగకుండా నడిచే ఒక్క వాటు 8.76 యూనిట్లు అవుతుంది. పాత ర్యాక్ సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడే 100 వాట్లు తీసుకుంటూ, దాని స్థానంలోకి వచ్చే చిన్న పెట్టె 10 వాట్లతో సరిపెట్టుకుంటే, తేడా ఏడాదికి 788 యూనిట్లు. చవకగా దొరికిందని పాత సర్వర్ తెచ్చుకునేవారు ఈ గుణకారం ముందే చేసుకుంటే మంచిది. దానికి ఫ్యాన్ల హోరు అదనం.

పోర్టులు, తీగలు, డిస్కులు

నెట్‌వర్క్ చిప్ ఎంపిక చిన్న విషయంలా కనిపించి పెద్ద తలనొప్పి తెస్తుంది. ఇంటెల్ 2.5 గిగాబిట్ చిప్ ఐ225 తొలి తయారీలో లోపం ఉండి, కొన్ని పరికరాలతో కలిపినప్పుడు ప్యాకెట్లు పోయేవి. బీ3 అనే తరవాతి సవరణతో, ఆపై ఐ226తో పరిస్థితి కుదుటపడింది. ఐ226లోనూ కరెంటు ఆదా సెట్టింగుల వల్ల లింకు తెగిపోతోందన్న ఫిర్యాదులున్నాయి, ఆ సెట్టింగు ఆపేస్తే చాలామందికి సర్దుకుంటుంది. రియల్‌టెక్ 8125 చిప్ లినక్స్ మీద బాగానే నడుస్తుంది, ఫ్రీబీఎస్‌డీ మీద మాత్రం విడిగా డ్రైవర్ పెట్టుకోవలసి వచ్చేది. ఇక్కడ వర్చువలైజేషన్ వల్ల ఎవరూ పెద్దగా చెప్పని లాభం ఒకటుంది. అసలు చిప్‌ను లినక్స్ హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది, లోపలి ఫ్రీబీఎస్‌డీ ఫైర్‌వాల్‌కు వర్ట్‌ఐఓ అనే ప్రామాణిక కార్డు మాత్రమే కనిపిస్తుంది. డ్రైవర్ గొడవ అక్కడితో పోతుంది.

తీగల విషయంలో కంగారు అక్కర్లేదు. 2016లో వచ్చిన 802.3బీజెడ్ ప్రమాణం ప్రకారం 2.5 గిగాబిట్ వేగం మామూలు క్యాట్5ఈ తీగ మీద 100 మీటర్ల వరకు వెళ్తుంది, గోడలు తవ్వే పని లేదు. రాగి తీగ మీద 10 గిగాబిట్‌కు క్యాట్6 అయితే సుమారు 55 మీటర్లు, క్యాట్6ఏ అయితే 100 మీటర్లు. ఒకే షెల్ఫులో ఉన్న రెండు యంత్రాలను కలపడానికైతే ఎస్ఎఫ్‌పీ ప్లస్ (10 గిగాబిట్ మాడ్యూల్ పెట్టే) పోర్టు, రెండు చివర్లా ప్లగ్గులు బిగించి వచ్చే డీఏసీ తీగ నయం. ఆ పోర్టులో మామూలు రాగి తీగ కోసం పెట్టే మాడ్యూళ్లు చేయి కాలేంత వేడెక్కుతాయి.

డిస్కుల దగ్గర ఆదా చేయకపోవడం మంచిది. ప్రాక్స్‌మాక్స్ వంటి హైపర్‌వైజర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా సెట్టింగుల డేటాబేసు, లాగ్‌లు, గ్రాఫులు అంటూ చిన్న చిన్న రాతలు ఆపకుండా రాస్తూనే ఉంటుంది. దాని మీద జెడ్ఎఫ్ఎస్ ఫైల్ వ్యవస్థ, ఆపైన వర్చువల్ మెషీన్ల సొంత ఫైల్ వ్యవస్థలు చేరితే లోపల రాసినది ఒక వంతయితే డిస్కు మీద పడేది కొన్ని వంతులవుతుంది. మామూలు కంప్యూటర్ కోసం చేసిన చవక ఎస్ఎస్‌డీలో, డిస్కు తన ఆరోగ్యం చెప్పే స్మార్ట్ నివేదిక తెరిచి, ఎంత శాతం అరిగిందో చెప్పే వరుస చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ఏడాదిలోనే ఆ అంకె రెండంకెలకు చేరిన డిస్కులు అరుదు కాదు. కరెంటు పోయినా రాత పూర్తిచేసే రక్షణ ఉన్న, డేటా సెంటర్ల కోసం తయారైన వాడిన ఎస్ఎస్‌డీ చాలాసార్లు కొత్త చవక ఎస్ఎస్‌డీ కంటే ఎక్కువ కాలం వస్తుంది.

హైపర్‌వైజర్‌ల మారిన జాతకం

చాలాకాలం ఇంటి ప్రయోగశాలల్లో వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐదే రాజ్యం. ఉచితం, స్థిరం, ఉద్యోగంలో పనికొచ్చే నైపుణ్యం. మొదటి దెబ్బ 7.0 వెర్షన్‌తో తగిలింది. పాత లినక్స్ డ్రైవర్లను నడిపే పొరను అందులో తీసేయడంతో రియల్‌టెక్ చిప్‌లున్న ఇంటి యంత్రాలు ఒక్కసారిగా బయటికి వచ్చేశాయి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొనడం పూర్తిచేసింది, 2024 ఫిబ్రవరిలో ఉచిత ఈఎస్ఎక్స్ఐ ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో 8.0 వెర్షన్‌తో అది మళ్లీ వచ్చినా, అప్పటికే మూటాముల్లె సర్దుకుని వెళ్లినవారు తిరిగి రావడానికి కారణమేమీ కనిపించలేదు. ఒకసారి చెప్పాపెట్టకుండా మూసిన తలుపు రెండోసారి మూయరన్న భరోసా లేదు. ఈఎస్ఎక్స్ఐ 7కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 2తో ముగిసింది కాబట్టి దాన్నే ఇంకా రూటర్ కింద నడుపుతున్నవారికి ఇది వాయిదా వేసే విషయం కాదు.

ఆ వలసలో చాలామంది చేరింది ప్రాక్స్‌మాక్స్ వీఈ దగ్గరకు. డెబియన్ లినక్స్ మీద కట్టినది, వర్చువల్ మెషీన్లకు కేవీఎం, కంటైనర్లకు (హైపర్‌వైజర్ కెర్నెల్‌నే పంచుకునే తేలికపాటి మెషీన్లకు) ఎల్ఎక్స్‌సీ వాడుతుంది. కేవీఎం 2007లోనే లినక్స్ కెర్నెల్‌లో చేరింది కాబట్టి పునాది కొత్తదేమీ కాదు. 2021లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 7వ వెర్షన్ డెబియన్ 11 మీద, 2023 జూన్‌లో వచ్చిన 8 డెబియన్ 12 మీద, 2025 ఆగస్టులో వచ్చిన 9 డెబియన్ 13 మీద నడుస్తాయి. 7కు మద్దతు 2024 జులైలోనే ఆగిపోయింది. 8కి 2026 ఆగస్టును గడువుగా ప్రకటించారు.

వెర్షన్ మార్చడం విడిగా చూస్తే కష్టం కాదు. 8 నుంచి 9కి వెళ్లేవారి కోసం తనిఖీ స్క్రిప్టు వస్తుంది. అది చూపే హెచ్చరికలన్నీ చదివి, సరిచేసి, మళ్లీ నడిపి, అప్పుడు డెబియన్ రిపాజిటరీల పేర్లు బుక్‌వర్మ్ నుంచి ట్రిక్సీకి మార్చి, పూర్తి అప్‌గ్రేడ్ కమాండ్ ఇవ్వాలి. ఇక్కడ చాలామంది అలవాటుగా ఇచ్చే ఏపీటీ అప్‌గ్రేడ్ సరిపోదు, ఏపీటీ డిస్ట్-అప్‌గ్రేడ్ ఇవ్వాలని ప్రాక్స్‌మాక్స్ పత్రాలు స్పష్టంగా చెబుతాయి. మొదటిది కొత్త ప్యాకేజీలు చేర్చి పాతవి తొలగించే పని పూర్తిగా చేయక, వ్యవస్థను సగంలో వదిలేస్తుంది. పాత కంటైనర్లు నడిపేవారు 9కి వెళ్లేముందు ఒక్క క్షణం ఆగాలి. కెర్నెల్ వనరుల పంపకానికి వాడే సీగ్రూప్ మొదటి తరానికి 9లో మద్దతు తీసేశారు. సెంటాస్ 7, ఉబుంటు 16.04 వంటి పాత వ్యవస్థలున్న కంటైనర్లు దాని మీద లేవవు. వాటిని వర్చువల్ మెషీన్‌గా మార్చడమో, లోపలి వ్యవస్థను కొత్తదానికి తరలించడమో ముందే జరగాలి.

పాత అలవాట్లు వెంట వస్తాయి

అప్‌గ్రేడ్‌లో మోసపోయే చోటు ఒకటుంది. సాఫ్ట్‌వేర్ కొత్తదవుతుంది గానీ, ఒక్కో వర్చువల్ మెషీన్‌కు పుట్టినప్పుడు రాసిపెట్టిన సెట్టింగులు అలాగే ఉంటాయి. ప్రాక్స్‌మాక్స్ పాత వెర్షన్లలో కొత్త వర్చువల్ మెషీన్‌కు ప్రాసెసర్ రకం కేవీఎం64 అని పడేది. అది చాలా పాత ప్రాసెసర్‌ను అనుకరిస్తుంది, ఏఈఎస్ సదుపాయాన్ని లోపలికి చూపించదు. 8వ వెర్షన్ నుంచి ఏఈఎస్ ఉన్న రకం ముందే ఎంపికై వస్తోంది, అదీ కొత్తగా సృష్టించే వాటికే. ఐదేళ్ల నాటి ఫైర్‌వాల్ మెషీన్‌ను కొత్త యంత్రం మీదకు తెచ్చి, వీపీఎన్ వేగం పెరగలేదేమిటని ప్రాసెసర్‌ను తిట్టేవారిలో చాలామంది తిట్టవలసింది ఈ ఒక్క వరుసనే. ఒకే యంత్రం ఉన్న ఇంట్లో దీన్ని హోస్ట్ (అసలు ప్రాసెసర్‌నే చూపించే రకం) అని మార్చేయవచ్చు. వేర్వేరు ప్రాసెసర్లున్న యంత్రాల మధ్య నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా తరలించాలనుకునేవారే జాగ్రత్తగా ఉండాలి.

మెమరీ విషయంలోనూ ఇదే కథ. జెడ్ఎఫ్ఎస్ తన కాష్ కోసం మెమరీలో సగం వరకు తీసుకోవడం పాత ఆనవాయితీ. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు దాన్ని పదో వంతుకు, అదీ 16 జీబీ మించకుండా కుదించారు. పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవారికి ఈ మార్పు అందదు. 32 జీబీ యంత్రంలో 16 జీబీ ఎక్కడికి పోయిందో తెలియక మరో మెమరీ కార్డు కొనే పరిస్థితి వస్తుంది. ఇలాంటివి నాలుగైదు పోగుపడ్డాయంటే, అప్‌గ్రేడ్ కంటే కొత్తగా ఇన్‌స్టాల్ చేసి బ్యాకప్‌ల నుంచి మెషీన్లను తెచ్చుకోవడమే శుభ్రమైన పని. హైపర్‌వైజర్ మీద నేరుగా ఏమీ పెట్టకుండా క్రమశిక్షణ పాటించినవారికి ఇది ఒక పూట పని. దాని మీదే ఫైల్ సర్వర్, ప్రింటర్ సర్వర్, మరేవో స్క్రిప్టులు పెట్టుకున్నవారికి అదొక పురావస్తు తవ్వకం.

జెడ్ఎఫ్ఎస్ గురించే మరో మాట. అప్‌గ్రేడ్ తరవాత పూల్‌లో (డిస్కులను కలిపి కట్టిన నిల్వలో) కొత్త సదుపాయాలు అందుబాటులో ఉన్నాయని, జెడ్‌పూల్ అప్‌గ్రేడ్ ఇవ్వవచ్చని ఒక సందేశం కనిపిస్తుంది. ఆ సందేశానికి లొంగనవసరం లేదు. ఆ కమాండ్‌కు వెనుదిరిగే దారి లేదు. ఆ తరవాత పాత వెర్షన్ గానీ, పాత రెస్క్యూ పెన్‌డ్రైవ్ గానీ ఆ పూల్‌ను తెరవలేకపోవచ్చు. గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామ్‌తో లేచే పూల్ మీద ఇస్తే యంత్రం అసలు లేవకపోయే ప్రమాదమూ ఉంది. కొత్త సదుపాయం ఏదో నిజంగా కావలసి వచ్చేదాకా ఆ సందేశాన్ని అలాగే ఉండనివ్వడం ఉత్తమం.

పోర్టు పేరు మారినప్పుడు

ఇప్పుడు అసలు ఉచ్చు దగ్గరికి వద్దాం. లినక్స్ నెట్‌వర్క్ పోర్టులకు పీసీఐ బస్సు మీద వాటి స్థానాన్ని బట్టి పేర్లు పెడుతుంది: ఈఎన్‌పీ3ఎస్0 అంటే మూడో బస్సు మీది సున్నా స్లాటు. కొత్త ఎన్‌వీఎంఈ డిస్కో గ్రాఫిక్స్ కార్డో పెట్టగానే బస్సుల లెక్క ఒకటి జరిగి, అదే పోర్టు ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది. ప్రాక్స్‌మాక్స్ నెట్‌వర్క్ ఫైలులోని వీఎంబీఆర్0 వంతెన (వర్చువల్ మెషీన్లను అసలు పోర్టుకు కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) మాత్రం పాత పేరు కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. యంత్రం చక్కగా బూట్ అవుతుంది. తెర మీద ఎప్పటిలాగే స్వాగతం పలుకుతూ, ఈ చిరునామాలో 8006 పోర్టు మీద నన్ను చేరవచ్చు అని రాసి ఉంటుంది. ఆ చిరునామాకు పింగ్ చేస్తే జవాబు లేదు. ఎందుకంటే ఆ వాక్యం ఒక ఫైలులో రాసిపెట్టిన పాఠం, లింకు ఉందో లేదో చూసి చెప్పేది కాదు. పోర్టు దగ్గర దీపం మెరుస్తుంటుంది, తీగ బాగుంటుంది, స్విచ్ బాగుంటుంది. అన్నీ బాగున్నట్లే కనిపిస్తూ ఏదీ పనిచేయని ఈ స్థితిలో గంటలు కరిగిపోతాయి.

విరుగుడు మాత్రం రెండు నిమిషాల పని: మానిటర్, కీబోర్డు తగిలించి, ఐపీ లింక్ కమాండ్‌తో కొత్త పేరు చూసి, ఫైలులో ఆ ఒక్క పదం మార్చి, ఐఎఫ్‌రీలోడ్ ఇవ్వడమే. కార్డు పెట్టకపోయినా ఇది జరగవచ్చు. ప్రాక్స్‌మాక్స్ 8.2తో కెర్నెల్ 6.8 వచ్చినప్పుడు కొన్ని కార్డుల పేర్ల చివర కొత్త అక్షరాలు చేరాయి. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందే పోర్టు పేరును దాని మ్యాక్ చిరునామాకు (ఒక్కో కార్డుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యకు) కట్టేయడం తెలివైన పని. సిస్టమ్‌డీ లింక్ ఫైలుతో ఎప్పటినుంచో ఇది సాధ్యమే; 9వ వెర్షన్‌లో పేర్లను స్థిరపరిచే సాధనాన్ని వెంటే ఇస్తున్నారు. పోర్టులు నాలుగున్న రూటర్ యంత్రంలో ఈ పని మరీ ముఖ్యం. అక్కడ పేర్లు తారుమారైతే నెట్‌వర్క్ ఆగడంతో సరిపోదు. బయటి పోర్టు లోపలి వంతెనలోకి చేరితే నిర్వహణ పేజీ నేరుగా ఇంటర్నెట్ ముఖం చూస్తుంది.

రూటర్ లోపలే ఉంటే

రూటర్‌ను వర్చువల్ మెషీన్‌గా నడపడానికి రెండు దారులున్నాయి. మొదటిది వంతెన పద్ధతి: పోర్టు హైపర్‌వైజర్ చేతిలోనే ఉండి, రూటర్‌కు వర్ట్‌ఐఓ కార్డు దక్కుతుంది. రెండోది పాస్‌త్రూ: వీటీ-డీ సాయంతో అసలు కార్డునే వర్చువల్ మెషీన్‌కు అప్పగించడం. వేగం కోసం రెండోదే మేలని చాలా చోట్ల చెబుతారు. 2.5 గిగాబిట్ వరకు ఇంటి అవసరాలకు ఆ తేడా కంటికి కనిపించేది కాదు. పాస్‌త్రూ ఎంచుకుంటే ఆ మెషీన్‌కు కేటాయించిన మెమరీ అంతా గట్టిగా కట్టిపడేయాలి, నడుస్తుండగా మరో యంత్రానికి తరలించడం కుదరదు. అన్నిటికంటే ముఖ్యంగా, రూటర్ మళ్లీ ఒక ప్రత్యేక హార్డ్‌వేర్‌కు బందీ అవుతుంది. హార్డ్‌వేర్ నుంచి విముక్తి కోసం వర్చువలైజేషన్ తెచ్చుకుని, దాన్నే వదులుకోవడం విచిత్రమైన బేరం.

వంతెన పద్ధతిలో రూటర్‌కు కనిపించే కార్డు పేరు, దాని మ్యాక్ చిరునామా రెండూ మెషీన్ సెట్టింగుల్లోనే ఉంటాయి. కొత్త యంత్రంలో బ్యాకప్ నుంచి లేపేటప్పుడు ఆ చిరునామాను అలాగే ఉంచితే, అవతల ఇంటర్నెట్ సంస్థ పరికరానికి మార్పే తెలియదు. విడి రూటర్ మార్చినప్పుడు పాత మ్యాక్ గుర్తుపెట్టుకున్న మోడెమ్ కొత్తదానికి ఐపీ ఇవ్వకుండా మొరాయించడం తెలిసిన సమస్యే. ఆ బాధ ఇక్కడ ఉండదు. ఒక్క జాగ్రత్త: ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్ వంటి ఫ్రీబీఎస్‌డీ ఫైర్‌వాల్‌లలో వర్ట్‌ఐఓ వాడేటప్పుడు హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ప్యాకెట్‌ను సరిచూసే లెక్కను కార్డుకు వదిలేయడం) ఆపేయాలి. లేకపోతే పింగ్‌కు జవాబు వస్తుంది గానీ పేజీలు తెరుచుకోవు, లేదా నత్తనడకన వస్తాయి. చిన్న ఇంటెల్ పెట్టెల్లో మరో సంగతి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపాలను సరిదిద్దే దాని అంతర్గత కోడ్). 2022లో ఎన్5105 ప్రాసెసర్ మీద వర్చువల్ మెషీన్లు, ముఖ్యంగా ఈ ఫైర్‌వాల్‌లు, కారణం లేకుండా గడ్డకట్టుకుపోయేవి. కొత్త మైక్రోకోడ్‌తోనే అది సర్దుకుంది. బయాస్ అప్‌డేట్లు ఇవ్వని తయారీదారుల పెట్టె కొన్నవారు డెబియన్ మైక్రోకోడ్ ప్యాకేజీని మొదటి రోజే పెట్టుకోవాలి. డెబియన్ 12 నుంచి అది నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే విభాగంలో ఉంటుంది.

పీటముడి సంగతి. హైపర్‌వైజర్‌కు ఐపీ చిరునామా దాని లోపలి రూటర్ నుంచే డీహెచ్‌సీపీ ద్వారా వస్తుంటే, రూటర్ లేవని రోజున దాన్ని చేరే దారే ఉండదు. కాబట్టి స్థిర చిరునామా తప్పనిసరి. ప్రకటనలు ఆపే డీఎన్ఎస్ సర్వర్ (వెబ్‌సైట్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చేది) కూడా అదే యంత్రంలో ఉంటే, హైపర్‌వైజర్‌కు బయటి డీఎన్ఎస్ ఒకటి రెండోదిగా ఇవ్వాలి. బూట్ వరుసలో రూటర్ మొదటిది, కాస్త విరామం తరవాత డీఎన్ఎస్, ఆపైన నిల్వ, మిగతావి చివర. బ్యాకప్‌లు పెట్టే నెట్‌వర్క్ ఫోల్డర్ అదే యంత్రంలోని ఒక వర్చువల్ మెషీన్‌లో ఉండకూడదు. బూట్ సమయంలో హైపర్‌వైజర్ దాని కోసం ఎదురుచూస్తూ నిలిచిపోవడం ఒక ఇబ్బంది, యంత్రం చచ్చిన రోజున బ్యాకప్ కూడా దానితోపాటే పోవడం అంతకంటే పెద్ద ఇబ్బంది.

రెండు యంత్రాలున్నప్పుడు వాటిని క్లస్టర్‌గా కట్టి రూటర్‌ను ఇటూ అటూ తిప్పాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. రెండే యంత్రాలున్న క్లస్టర్‌లో ఒకటి ఆగితే రెండోదానికి మెజారిటీ ఉండదు. సెట్టింగులు మార్చనివ్వదు, ఆగి ఉన్న మెషీన్లను మొదలుపెట్టనివ్వదు. మూడో ఓటు వేయడానికి క్యూడివైస్ పేరుతో ఏదో ఒక చిన్న యంత్రం కావాలి. ఒక్కసారి తరలింపు కోసమే అయితే క్లస్టర్ జోలికి పోకుండా, బ్యాకప్ తీసి అవతల పునరుద్ధరించడం సులువు. తరవాత పాత నోడును క్లస్టర్ నుంచి తీసేసే తంటా కూడా తప్పుతుంది.

మార్చే రోజు

కొత్త హార్డ్‌వేర్, కొత్త హైపర్‌వైజర్ వెర్షన్, కొత్త ఫైర్‌వాల్ వెర్షన్ మూడూ ఒకే రోజున మారిస్తే, తేడా వచ్చినప్పుడు నేరం ఎవరిదో తేల్చలేరు. ఫైర్‌వాల్ వెర్షన్ ముందు వారమే పాత యంత్రం మీద మార్చి, కొన్నాళ్లు నడవనివ్వాలి. కొత్త యంత్రంలో హైపర్‌వైజర్‌ను తాజాగా ఇన్‌స్టాల్ చేసి, మెమరీ పరీక్ష ఒక రాత్రంతా నడిపి, ముఖ్యం కాని మెషీన్లను ముందు తేవాలి. రూటర్ వంతు చివరికి. పాత యంత్రంలో రూటర్ మెషీన్‌ను ఆపి, అప్పుడు తీసిన బ్యాకప్‌నే కొత్తదానిలో లేపాలి. నడుస్తుండగా తీసిన దానిలో ఫైల్ వ్యవస్థ సగం రాతల మధ్య ఆగి ఉండవచ్చు. ఒకే మ్యాక్, ఒకే ఐపీతో రెండు రూటర్లు ఏకకాలంలో లేస్తే నెట్‌వర్క్ అంతా అయోమయం కాబట్టి, పాతదానిలో ఆ మెషీన్‌కు దానంతటదే మొదలయ్యే ఎంపికను తీసేయడం మరవకూడదు. ఇది మరిచినవారికి కొన్ని వారాల తరవాత, పాత యంత్రాన్ని వేరే పని కోసం ఆన్ చేసిన పూట తెలుస్తుంది.

అప్‌గ్రేడ్‌కు కావలసిన ఇన్‌స్టాలర్, డ్రైవర్లు, ఫైర్‌వాల్ కాన్ఫిగరేషన్ ఫైలు ముందే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. ఇంటర్నెట్ ఆగాక వాటిని దించుకోవడానికి ఫోన్ హాట్‌స్పాట్ తప్ప దిక్కుండదు. కొత్త రూటర్ పనిచేస్తున్నట్లు కనిపించగానే సంతృప్తి పడకుండా, యంత్రం మొత్తాన్ని ఒకసారి పూర్తిగా ఆపి, ఎవరూ ముట్టుకోకుండా మళ్లీ లేపి చూడాలి. చేత్తో ఇచ్చిన కమాండ్ల వల్ల అప్పటికి నడుస్తూ, ఫైలులో చేరని మార్పులు ఆ రీబూట్‌లోనే బయటపడతాయి. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు బయటపడటం కంటే ఇది నయం.

పాత యంత్రంలోని డిస్కును వెంటనే తుడిచి వేరే పనికి వాడుకోవాలన్న తొందర అందరికీ ఉంటుంది. నెలాఖరు బ్యాకప్‌లు, వారానికోసారి నడిచే స్క్రిప్టులు, ఎప్పుడో గడువు తీరే సర్టిఫికెట్లు ఒక చుట్టు తిరిగేదాకా ఆ డిస్కును అలాగే ఉంచాలి. పాత విడి రూటర్ ఒకటి ఉంటే, దానిలో ఇంటర్నెట్ లాగిన్ వివరాలు, అదే వైఫై పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టి అల్మారాలో ఉంచితే చాలు. సర్వర్ మొరాయించిన రోజున యంత్రాల సంగతి తెలిసినవారు ఊళ్లో లేకపోయినా, ఇంట్లో ఎవరైనా ఒక తీగ తీసి మరోదానిలో పెట్టి పని నడుపుకోగలరు.